తొమ్మిదిన్నర అడుగుల నోస్‌రైడర్: పనంతా టెయిల్‌దే

నోస్‌రైడర్ అంటే ముందు కొస (నోస్) మీద నిలబడి అలపై సాగేందుకు చేసిన సర్ఫ్‌బోర్డు. టెయిల్ అంటే దాని వెనక కొస. ముందు కొలతలు. పొడవు 9 అడుగుల 6 అంగుళాలు, నడుమ వెడల్పు 23 అంగుళాలు, నోస్ దగ్గర 18¾, టెయిల్ దగ్గర 15, మందం 3⅛. పాలియురెథేన్ ఫోమ్, ఒకటే స్ట్రింగర్ (నడిమధ్య పొడవునా సాగే చెక్క పట్టీ), లేత ఆకుపచ్చ ఛాయ ఉండే వోలాన్ గ్లాస్ (పైన కప్పే ఫైబర్‌గ్లాస్ గుడ్డ), 10 అంగుళాల పివట్ ఫిన్ (టెయిల్ అడుగున నిలువుగా ఉండే రెక్క). బరువు 8 కిలోల పైమాటే. కాలిఫోర్నియాలో, ఎక్కువగా శాన్ ఒనోఫ్రే అలల మీద, ఏళ్ల తరబడి వాడాక రాస్తున్నాను.

కొనేవాళ్లంతా బోర్డు తిరగేసి నోస్ కింద కాన్‌కేవ్ చూస్తారు. పావు అంగుళం లోతు కూడా లేని ఆ గుంట కొంత లిఫ్ట్ ఇస్తుంది, కాదనను. కానీ మనిషిని నోస్ మీద నిలబెట్టేది టెయిల్. అక్కడ రాకర్ (బోర్డు అడుగు వంపు) బాగా పైకి లేచి ఉంటుంది, రైల్స్ (పక్క అంచులు) గుండ్రంగా ఉంటాయి. విరిగే అల నీళ్లు ఆ గుండ్రటి అంచు చుట్టూ తిరిగి, టెయిల్ మీదికెక్కి దాన్ని అదిమిపడతాయి. ఏతం తొక్కడం చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

కాబట్టి అలను దాటి ముందుకు పారిపోయాక నోస్ మీదికి నడిస్తే మునగడం ఖాయం. టెయిల్ మీద నీళ్లుండవు కదా. ముందు టెయిల్ తొక్కి వేగం తగ్గించాలి. అల నిటారుగా లేస్తుండగా, అడుగు మీద అడుగు దాటిస్తూ నడవాలి. చిన్న చిన్న గెంతులు వేస్తే బోర్డు ఊగిపోతుంది. ముందున్న అల కూలబోతోందనిపిస్తే అలాగే వెనక్కి వచ్చేయాలి.

ఈ ఆకారానికి ఊపు 1965లో వచ్చింది. ఆ ఏడాది కాలిఫోర్నియాలోని వెంచురాలో సర్ఫ్‌బోర్డుల తయారీదారు టామ్ మోరీ పెట్టిన పోటీలో, బోర్డు ముందు పాతిక శాతంలో ఎంతసేపు నిలిచారో స్టాప్‌వాచీతో లెక్కగట్టారు. మికీ మున్యోస్ గెలిచాడు. మరుసటేడు శాన్ డియేగోలో ఆస్ట్రేలియా సర్ఫర్ నాట్ యంగ్ పదునైన మలుపులతో ప్రపంచ టైటిల్ పట్టుకుపోయాడు. ఇంకో రెండేళ్లకల్లా బోర్డులు పొట్టివైపోయాయి.

మలుపుల సంగతికొస్తే, పూర్తిగా వెనక్కి వచ్చి టెయిల్ తొక్కితే తప్ప ఇది తిరగదు. గొట్టంలా చుట్టుకునే అలల్లో పనికిరాదు. నిలువు ఫిన్‌కు కెల్ప్ నాచు తగులుకుంటుంది, వెనక్కి వంగిన ఫిన్ అయితే జారవిడుస్తుంది. ఫిన్‌ను బాక్స్‌లో (అది బిగించే గాడిలో) వెనక్కి జరిపితే టెయిల్ పట్టు పెరుగుతుంది, మలుపు ఇంకా బరువెక్కుతుంది. నేను వెనకే ఉంచుతాను.

వ్యాక్స్ (కాలు జారకుండా పూసే మైనం) నోస్ కొస దాకా పట్టించాలి. చాలామంది ఆ కొసకు పూయకుండా వదిలేస్తారు.

మన్నిక బాగుంది. మందపాటి గ్లాస్ వల్ల మడమల గుంతలు తక్కువ. రైల్ మీద గ్లాస్ కోటులో వెంట్రుకంత పగుళ్లొచ్చాయి. అవి పైపైనే ఉన్నంతవరకు భయం లేదు. ఫోమ్ దాకా దిగితే మాత్రం నీళ్లు పీల్చుకుంటుంది. పూర్తిగా ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, అప్పుడే రెజిన్ (ఆరి గట్టిపడే జిగురు) వేయాలి. తడి మీద వేస్తే పట్టు వదిలేస్తుంది. ఎండలో మూసిన కారులో వదిలేస్తే గ్లాస్ ఫోమ్ నుంచి ఊడి బుడగలా లేస్తుంది, ముదురు రంగు బోర్డులకు మరీను.