అసమానతల పాఠానికి బిజినెస్ గేమ్: చాలాకాలం వాడాక నా రివ్యూ

కోనసీమలో ఓ హైస్కూల్లో సోషల్ చెప్తానండి, ఎనిమిది నుంచి పది దాకా. సామాజిక అసమానతలు అన్న టాపిక్ వచ్చినప్పుడల్లా బోర్డు మీద కులం, లింగం, ఆర్థికం అని హెడ్డింగులు రాసి పాయింట్లు రాయించేదాన్ని, పిల్లలు బట్టీ పట్టి చక్కగా రాసేసేవాళ్లు, మార్కులూ వచ్చేవి, కానీ ఆ రాసింది వాళ్ల ఊరి గురించే అని ఒక్కళ్లకీ అనిపించేది కాదు. అందుకే ఫ్యాన్సీ షాపులో దొరికే మామూలు బిజినెస్ గేమ్ (పాచిక వేసి బోర్డు మీద ఊళ్లు కొని, అక్కడ ఆగినోళ్ల దగ్గర అద్దె తీసుకునే ఆట, మోనోపలీ లాంటిదే) పెట్టెలు కొన్ని కొని వాటితో చెప్పడం మొదలుపెట్టా, కొన్నేళ్లుగా అదే నడుస్తోంది. ఇంకెవరైనా టీచర్లు ట్రై చేద్దాం అనుకుంటే పనికొస్తుందని రాస్తున్నా.

ముందే చెప్పేస్తున్నా, పెట్టెలో ఉన్న రూల్స్‌తో ఆడిస్తే వేస్టు. అందరికీ సమానంగా డబ్బులు పంచి మొదలుపెడితే ఇంక అసమానత ఏం కనిపిస్తుంది? నేను చీటీలు వేయిస్తా. ఒక చీటీ వచ్చినోళ్లకి డబ్బు డబుల్, రెండు పాచికలు, పైగా ఆట మొదలవకముందే చేతిలో నాలుగు ఊళ్లు. ఇంకో చీటీకి మామూలే. మూడోదానికి సగం డబ్బు, ఒకటే పాచిక. నాలుగోది కౌలు చీటీ, ఇది నేను కలిపింది. వీళ్లు ఊరు కొనలేరు, ఓనరు దగ్గర కౌలుకి తీసుకోవాలి, ఆ ఊళ్లో ఎవరైనా ఆగితే అద్దె వీళ్లకే వస్తుంది, కానీ ఎవరూ ఆగకపోయినా రౌండు రౌండుకీ ఓనరుకి కట్టాల్సింది కట్టాలి.

ఈ కౌలు చీటీ ఒక్కటి చాలండి మా డెల్టా పిల్లలకి. ఓసారి తొమ్మిదో క్లాసులో ఒకమ్మాయి పూణే కౌలుకి తీసుకుంది, వరసగా ఎవరూ అక్కడ ఆగట్లేదు, చేతిలో నోట్లు ఒక్కోటీ పక్క అబ్బాయికి వెళ్లిపోతున్నాయి, ఇంక చివరి నోటు రెండు చేతులతో పట్టుకుని ఇవ్వనంటే ఇవ్వనని కూర్చుంది. వెనకనుంచి ఒకడు, "సార్వా మునిగిపోయినా బస్తాలు కొలవాల్సిందేగా టీచర్‌గారండీ, ఇదీ అంతేగా" అన్నాడు. సార్వా అంటే ఖరీఫ్ పంట, అది పోయినా ఓనరుకి కౌలు ధాన్యం ఇవ్వాల్సిందేనని వాడి మాట. వాళ్ల నాన్న కౌలు చేస్తాడు. అక్కడితో ఆట ఆపేసి ఆ పీరియడ్ అంతా దాని మీదే మాట్లాడుకున్నాం. భూమి పాస్‌బుక్ ఎవరి పేరున ఉంటుంది, బ్యాంకు లోను ఎవరికిస్తుంది, పంట పోతే నష్టపరిహారం ఎవరి అకౌంట్లో పడుతుంది, 2019 చట్టంలో కౌలు కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం ఎందుకు పెట్టారు, ఆయన పెట్టనంటే ఏంటి పరిస్థితి... ఇవన్నీ పిల్లలే అడిగారు. 2011లో మన కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించిన సంగతి, అంటే ఆ సీజన్ పంట వేయమన్న సంగతి చెప్తే ఇంకో పిల్ల, మరి నాట్లు లేకపోతే ఆ సీజన్ కూలీకెళ్లేవాళ్లు ఏం తిన్నారండీ అని అడిగింది. నేను ఎన్ని హెడ్డింగులు రాసినా ఈ ప్రశ్న వచ్చేది కాదు.

ఇంకోటి గమనించా, ఇది దాదాపు ప్రతిసారీ జరుగుతుంది. డబుల్ డబ్బు చీటీ వచ్చిన పిల్లలు మొదట కొంచెం మొహమాటపడతారు, కాసేపయ్యేసరికి గొంతు పెరుగుతుంది, ఆట అయ్యాక ఎలా గెలిచావురా అంటే "ప్లాన్ చేసి కొన్నానండి" అంటారు, చీటీ సంగతి నోటికే రాదు. అమెరికాలో పాల్ పిఫ్ అనే సైకాలజిస్టు ఇలాగే మోనోపలీ ఆటని ఒకరికి అనుకూలంగా మార్చి పెద్దవాళ్లతో ఆడించాడు, ఎవరు ధనవంతుడన్నది నాణెం ఎగరేసి తేల్చాడు, అక్కడా గెలిచినోళ్లు తమ తెలివి గురించే చెప్పారు గానీ నాణెం గురించి కాదు. ఈ సంగతి ఆట అయ్యాకే చెప్పాలి, ముందే చెప్తే పిల్లలు జాగ్రత్తపడిపోతారు. చెప్పాక క్లాసు కాసేపు గెలిచినోడి వైపు చూస్తుంది, అప్పుడు వాణ్ణి ఎవరూ ఏడిపించకుండా చూసుకోవడం మన పని, తప్పు వాడిది కాదు కదా.

ఈ మోనోపలీ ఆట పుట్టుక కూడా పాఠమే. లిజీ మేగీ అనే ఆవిడ 1904లో ల్యాండ్‌లార్డ్స్ గేమ్ అని పేటెంట్ తీసుకుంది, భూమంతా కొందరి చేతిలో ఉంటే ఏమవుతుందో జనానికి చూపించడానికే తయారుచేసింది. రెండు రకాల రూల్స్ పెట్టింది, ఒకదాంట్లో ఒకరే అంతా లాక్కుంటారు, రెండోదాంట్లో సంపద పెరిగితే అందరికీ వస్తుంది. 1935లో పార్కర్ బ్రదర్స్ ఆవిడ పేటెంట్‌ని 500 డాలర్లకి కొనేసింది, పేరు మాత్రం చాలాకాలం వేరే మగాయనకి వెళ్లింది. ఆడపిల్లలకి ఇది చెప్పినప్పుడు కోపం వస్తుంది, రావాలి కూడా. అక్కడినుంచి ఆస్తి వాటాలోకి వెళ్తా: ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది, దేశమంతా 2005లో వచ్చింది, మరి మీ ఇంట్లో పొలం ఎవరి పేరున ఉంది అని అడుగుతా. "పసుపు కుంకుమ కింద ఇచ్చేశారుగా" అని మగపిల్లలు, "అడిగితే పుట్టింటికి రానివ్వరు" అని ఆడపిల్లలు. వాదన బెల్లు కొట్టినా ఆగదు.

ఇంక లోపాలు. అసలు పెద్దది, ఈ ఆటలో కులం లేదు. డబ్బు, భూమి వరకే. పాచిక వేసి కులం చూపించలేం, చూపించకూడదు కూడా, నీది ఈ కులం అనుకో అని పిల్లలకి చీటీ ఇవ్వడం చాలా ప్రమాదం. 2022 మేలో జిల్లా పేరు మీద అమలాపురంలో జరిగిన గొడవలు చూసిన ఇళ్ల నుంచి వస్తున్నారు వీళ్లంతా. అందుకని దానికి ఊరి మ్యాప్ గీయిస్తా. కాలవ ఎటునుంచి వస్తుంది, రామాలయం, చర్చి, మంచినీళ్ల ట్యాంకు, పేట (దళితవాడ), శ్మశానాలు ఎక్కడెక్కడ. ఎవరి ఇల్లూ గుర్తుపెట్టొద్దంటా, ఎవర్నీ కులం అడగను. గీసినంతసేపూ గొడవే ఉండదు, అయ్యాక మాత్రం "శ్మశానాలు రెండెందుకున్నాయి" అని ఎవరో ఒకరు అంటారు. ఆ తర్వాతే అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం ఆర్టికల్ 17 చదివిస్తా. నీటి సంగతీ ఆ మ్యాప్‌లోనే తేలుతుంది, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పచ్చబడింది నిజమే, కానీ అప్పటికి భూమి ఉన్నోళ్ల విలువ పెరిగింది, ఇప్పటికీ దాళ్వాలో, అంటే రబీలో, నీళ్లకి వంతులు పెడితే కాలవ చివరున్న శివారు భూములకి నీళ్లు చివర్నే.

రెండోది టైము. రెండు పీరియడ్లు కలిపి దొరక్కపోతే మొదలుపెట్టొద్దు, ఆట ఆడి మాట్లాడుకోకుండా పంపేస్తే ధనవంతుల చీటీ సరదాగా ఉంది అన్న ముక్కే ఇంటికెళ్తుంది. నన్నడిగితే ఆటకి ఇరవై నిమిషాలు చాలు, మిగతా అంతా మాటలకే. మూడోది, పెట్టెలో నోట్లు పల్చటి కాగితం, ఇట్టే చిరిగిపోతాయి, కార్డులకి లామినేషన్ చేయించుకోండి. పిల్లలతో పాచికలాడిస్తున్నారని ఇళ్లనుంచి మాట రావచ్చు, నేనైతే మీటింగులో తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి ఒక రౌండు ఆడించా, కౌలు చీటీ వచ్చినాయన నాకంటే బాగా వివరించాడు.

చీటీలు మాత్రం కచ్చితంగా లాటరీ తీయండి, ఇంట్లో నిజంగా ఇబ్బందులున్న పిల్లకి పేద చీటీ వస్తే రెండో రౌండులో అందరి చీటీలూ మార్చేయండి. ఎనిమిదో క్లాసుకి కౌలు చీటీ తీసేసినా పర్లేదు, పదికి మాత్రం ఉంచండి, ఆదాయాల్లో తేడాలు తగ్గించడానికి రాజ్యం ప్రయత్నించాలని చెప్పే ఆర్టికల్ 38 రెండో క్లాజు, 1978లో చేర్చింది, దానికి అతుక్కుని గుర్తుంటుంది. అయిదుకి నాలుగిస్తా. సార్వా కోతలప్పుడు పెట్టకండి, అమ్మానాన్నలతో పొలానికెళ్లే పిల్లలు ఆ రోజుల్లో బడికి రారు, కోతలయ్యాక పెట్టుకుంటే వాళ్లూ క్లాసులో ఉంటారు.