యూకే నర్సుల ఇంగ్లీష్ కోర్సు: తాగుడు మాటల క్లాస్ ఒక్కటి చాలు

మాది గుంటూరు, స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఎమర్జెన్సీ వార్డులో నర్సుని. ఓఈటీ, అంటే వైద్యరంగం వాళ్ళకి పెట్టే ఇంగ్లీష్ పరీక్ష, పాసయ్యే వచ్చా కానీ శుక్రవారం నైట్ డ్యూటీలో సగం మాటలు అర్థమయ్యేవి కాదు, అందుకే మన నర్సులకి తెలుగులో చెప్పే ఆన్‌లైన్ కోర్సు తీసుకున్నా, ఎనిమిది క్లాసులు, 4,000 రూపాయలు.

వచ్చిన కొత్తలో ఒకబ్బాయిని ఫ్రెండ్స్ మోసుకొచ్చి "హీ ఈజ్ పారలిటిక్" అన్నారు. నాకు గుండె ఆగినంత పనైంది, పక్షవాతం అనుకుని మూతి వంకర పోయిందా అని చూస్తూ, చెయ్యి ఎత్తమని బతిమాలుతున్నా, అప్పుడు సీనియర్ సిస్టర్ వచ్చి చెప్పింది, పీకల్దాకా తాగాడని అర్థమట.

ఐదో క్లాస్ మొత్తం దీనిమీదే. నర్సు చెవికి జబ్బులా వినబడే మాటలన్నీ మేడమ్ ఒక్కచోటికి తెచ్చారు, ప్లాస్టర్డ్ అంటే పిండికట్టు కాదు, లెగ్‌లెస్ అంటే కాలు పోవడం కాదు, వేస్టెడ్ అంటే కండ కరిగిపోవడం కాదు, అన్నీ తెగ తాగేయడమే. టిప్సీ అంటే కొంచెం ఎక్కింది అంతే. తెగ తాగినోడిని స్టీమింగ్ అని స్కాట్లాండ్‌లో బాగా అంటారు. మనం "ఫుల్లుగా ఉన్నాడు" అంటాం కదా, అక్కడి స్కాట్స్ భాషలో "ఫూ" అన్నా అదే, ఫుల్ అనే మాటే అలా మారిందట, ఇది విని భలే సంతోషమేసింది.

అన్నిటికన్నా పనికొచ్చింది నోట్స్ రాసే భాగం. ఇంటాక్సికేటెడ్, అంటే మత్తులో ఉన్నాడని, పద్ధతైన మాటే, అయినా చూడగానే అది రాసి తేల్చేయొద్దన్నారు, మందు వాసన వస్తోంది, మాట ముద్దగా ఉంది, తూలుతున్నాడు అని కనబడింది కనబడినట్టు రాయాలి, ఎందుకంటే షుగర్ పడిపోయినా తలకి దెబ్బ తగిలినా మనిషి అచ్చం తాగినోడిలాగే ఉంటాడు. నేనిప్పుడు ఎవరు ఏ మాట చెప్పినా ముందు వేలు గుచ్చి షుగర్ చూస్తా.

నచ్చనిది పీడీఎఫ్. పిస్డ్ అంటే కోపం అని ఒక్కటే ఇచ్చారు, అది అమెరికా అర్థం, బ్రిటన్‌లో తాగి ఉన్నాడని, కోపమైతే పిస్డ్ ఆఫ్ అంటారు. యూకే కోర్సని చెప్పి డబ్బులు తీసుకున్నప్పుడు ఏ మాట ఏ దేశానిదో పక్కన రాయాలి కదండీ. ఆడియో అంతా లండన్ యాసే, గ్లాస్గో యాస ఒక్క క్లిప్పు కూడా లేదు. మెయిల్ పెడితే చేరుస్తామన్నారు. స్కాట్లాండ్ వచ్చేవాళ్ళు డబ్బులు కట్టేముందే అవి పెట్టారో లేదో అడగండి.