పండుగప్ప వంద గ్రాముల లెక్క: భీమిలి తీరంలో ఇరవై ఇద్దరం, మూడు రోజులు

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డులో చేపల భోజనానికి ఆగేవాళ్ళు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. కొన్ని హోటళ్ళ మెనూ కార్డులో పండుగప్పకి ధర ఉండదు, "సైజును బట్టి" అని మాత్రమే ఉంటుంది. అడిగితే "నూట నలభై అండీ" అంటారు. ఆ నూట నలభై వంద గ్రాములకి. చేపేమో రెండు కిలోలకు పైనే తూగుతుంది. పైగా తూకం వేసేది పొలుసు, మొప్పలు, పేగులతో సహా.

ముక్కనుమ నాడు మా బల్ల మీదికొచ్చిన రెండు చేపలు 2.3 కిలోలు ఒకటి, 1.9 కిలోలు ఇంకొకటి. మొత్తం 4.2 కిలోలు, అంటే 5,880 రూపాయలు. తల, ముల్లు, చెత్త పోగా తినడానికి మిగిలింది రెండున్నర కిలోలకు మించదు. అదీ సరిగా వేగలేదు. కిలోన్నర దాటిన చేపని నిలువునా నూనెలో వేస్తే పైభాగం ఎండి బెరడు కడుతుంది, వెన్నుముల్లు పక్కన కండ పచ్చిగానే ఉండిపోతుంది. వేపుడుకి కిలో, కిలోంబావు చేప చాలు. అంతకన్నా పెద్దదైతే నడుం ముక్కలు వేయించమని, తల, తోక పులుసు పెట్టమని ముందే చెప్పాలి. పెదనాన్నగారు ఆ పచ్చి ముక్క పక్కకి నెట్టి పెరుగన్నంతో ముగించారు. పూట పూటంతా ఆయన మొహం మాడ్చుకునే ఉన్నారు.

బిల్లులో రెండో సంగతి సర్వీస్ ఛార్జి. భోజనం 14,300, దాని మీద పది శాతం 1,430, ఆ రెండింటినీ కలిపిన మొత్తం మీద ఐదు శాతం జీఎస్టీ 786.50. వెరసి 16,516.50. సర్వీస్ ఛార్జి తీసేస్తే 15,015. అంటే తేడా 1,501.50. హోటళ్ళు దీన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. కౌంటర్ దగ్గర గొంతు పెంచక్కర్లేదు. "ఇది తీసేసి కొత్త బిల్లు ఇవ్వండి, లేకపోతే 1915కి ఫోన్ చేస్తాం" అంటే చాలు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఇరవై నిమిషాలు నిలబడాల్సి వచ్చింది కానీ తీసేశారు.

నీళ్ళ సీసాల దగ్గర మాత్రం వాదన చెల్లదు. ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకున్నా హోటళ్ళది నేరం కాదని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. అందుకే అడగకుండా బల్ల మీద పెట్టిన సీసాల మూత తీయకండి, మామూలు నీళ్ళు తెమ్మనండి. మేం కూర్చునేసరికి పదకొండు సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి, పిల్లలు టపటపా మూతలు తీసేశారు. అరవై చొప్పున 660. పన్ను సంగతి కూడా ఒకటుంది. మామూలు రెస్టారెంటులో ఐదు శాతమే. గది అద్దె రోజుకు 7,500 దాటే హోటల్లోని రెస్టారెంటులో అయితే పద్దెనిమిది. ఇరవై మంది తినే పూట ఆ పదమూడు శాతం తేడా ఇంకో పూట టిఫిన్లకి సరిపోతుంది.

ఆర్డర్ ఇచ్చే ముందు అడగాల్సినవి ఇవి: ధర కిలోకా వంద గ్రాములకా, తూకం శుభ్రం చేయకముందా చేశాకా, వండే కూలి అందులోనే ఉందా. ఒకరు కాటా దగ్గర నిలబడి ఫోటో తీసుకోవాలి. గుంపులో ఎంత మొహమాటస్థులున్నా ఈ పని చేయగల ఆడపడుచు ఒకరు ఉండే ఉంటారు, ఆవిడకి అప్పగించండి.

ఇంత గుంపు మధ్యాహ్నం ఒంటిగంటకి ముందు చెప్పకుండా వెళ్తే పిల్లల ఆకలి, పెద్దల షుగరు రెండూ ఇబ్బంది పెడతాయి. ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి నాలుగు వంటకాలు ఖాయం చేసుకుని పన్నెండుంబావుకల్లా కూర్చోవాలి. బిర్యానీ ప్లేట్లలో కాకుండా గిన్నెలో చెప్పుకుంటే మేలు. కిలో బియ్యంతో వండింది ఏడెనిమిది మంది పెద్దలకు సరిపోతుంది. శాకాహారులకి వేపుడు నూనె వేరుగా ఉంటుందా అని అడగండి. లేదంటే పప్పు, అప్పడం, పెరుగు చెప్పుకోవడమే క్షేమం.

ఇక మనసు నిండిన భోజనం. రెండో రోజు భీమిలి ఒడ్డున చేపలు కొని, దిగిన ఇంట్లో వంటామె చేత వండించుకున్నాం. పొద్దున ఆరున్నర, ఎనిమిదిన్నర మధ్య తెప్పలు వస్తాయి. అమ్మేది ఎక్కువగా ఆడవాళ్ళే. ధర కిలోకి చెప్పరు, కుప్పకో చేపకో చెబుతారు. సూట్‌కేసు బరువు చూసే కొక్కెం కాటా ఒకటి సంచిలో ఉంటే అక్కడికక్కడే లెక్క తేలుతుంది. నాలుగు కిలోల వంజరం, విశాఖ వాళ్ళ మాటలో కోనాం, కిలో 750 చొప్పున 3,000 పడింది. మూడు కిలోల రొయ్యలు 400 చొప్పున 1,200. శుభ్రం చేసి ముక్కలు కోసినందుకు 200, వండే కూలి 1,500, బియ్యం, నూనె, మసాలా 850. మొత్తం 6,750. మనిషికి 307 రూపాయలు. ముందురోజు హోటల్లో సర్వీస్ ఛార్జి తీసేశాక కూడా మనిషికి 682 పడింది.

కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా, తడిగా ఉండాలి. కన్ను ఉబ్బి మెరుస్తుండాలి, లోపలికి పోయి తెల్లబారితే వద్దు. వేలితో నొక్కిన గుంట వెంటనే పూడాలి. రొయ్య తల వదులై నల్లబడితే నిన్నటిదే. తల, పెంకు తీశాక రొయ్య సగానికి సగం తగ్గుతుంది. అందుకే పద్దెనిమిది మంది మాంసాహారులకి మూడు కిలోలు తీసుకున్నాం. వంజరం, కానాగంతల విషయంలో ఐసు మరవకూడదు. ఇవి ఎండలో గంటలకొద్దీ ఉంటే కండలో హిస్టమిన్ పేరుకుంటుంది. ఎంత ఉడికించినా అది పోదు, తిన్న కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు, తలనొప్పి. గంట దాటి ప్రయాణం ఉంటే చేప ఎంతో ఐసు అంత.

వేసవిలో వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. అప్పుడు ఒడ్డున దొరికేది చిన్న తెప్పల చేపే. హోటల్లో పెట్టేది చాలావరకు ఐసుదో చెరువుదో అయి ఉంటుంది. పెద్ద చేప కోసం వచ్చేవాళ్ళకి జనవరి, ఫిబ్రవరి మేలు.

"సూర్యాస్తమయం చూస్తూ సముద్రతీర విందు" అని చెప్పి బల్లకి అదనంగా అడిగితే ఇవ్వకండి. ఇది తూర్పు తీరం, సూర్యుడు వెనక కొండల మీదకి దిగిపోతాడు. ఆరున్నరకి ఎదురుగా చీకటి తప్ప ఏమీ ఉండదు. పౌర్ణమి ముందూ వెనకా అయితే వేరు. నీళ్ళలోంచి చంద్రుడు పైకొస్తుంటే మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని ఇసకలో కూర్చోవడానికి ఒక్క పైసా అక్కర్లేదు. తీరం అందం తెల్లవారుజామునే, అందుకే టిఫిన్ కట్టించుకుని ఒడ్డుకి పోవాలి.

బసకి హోటల్ గదులు ఏడు తీసుకోవడం కన్నా వరండా ఉన్న ఇల్లు రెండు పోర్షన్లు తీసుకోవడం నయం. అందరూ ఒకచోట కూర్చోకపోతే కలిసి వచ్చిన ప్రయోజనమేముంది? కింది అంతస్తు, కుర్చీ మరుగుదొడ్డి, జనరేటర్ ఉన్నాయో లేవో వీడియో కాల్‌లో చూశాకే అడ్వాన్సు పంపండి.

నీళ్ళ దగ్గర ఎవరి మాటా వినకండి. విశాఖలో ఆర్కే బీచ్ స్నానానికి పనికిరాదు. అడుగు హఠాత్తుగా లోతవుతుంది, వెనక్కి లాగే ప్రవాహాలుంటాయి. భీమిలిలో గోస్తనీ నది కలిసేచోటు కూడా అంతే. అలల మధ్య ఒకచోట నీరు నునుపుగా, మట్టిరంగుగా కనిపిస్తే అది లోపలికి లాగే దారి. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి. రుషికొండలో గుర్తు పెట్టిన హద్దు లోపలే, మోకాలి లోతు దాకే పిల్లలు. ఇద్దరు పిల్లలకి ఒక పెద్ద, ఆ పెద్ద చేతిలో ఫోన్ ఉండకూడదు. మిగతా సరదాకి ఇసకే చాలు. ఏడుపెంకులాట ఆడితే అమెరికా నుంచి వచ్చిన పిల్లలు మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

చూసేవాటిలో కైలాసగిరి, తొట్లకొండ ఒక పూటలో అయిపోతాయి. తొట్లకొండ మీదకి వాహనం పోతుంది, బౌద్ధ విహార శిథిలాల నుంచి సముద్రం కనిపిస్తుంది. ఎర్రమట్టి దిబ్బలకి పొద్దున్నే వెళ్ళండి, నీడ ఉండదు. కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది, మరుసటి ఏడాది నుంచి మ్యూజియం. పిల్లలకి కన్నులపండుగే. కానీ లోపలి దారి ఇరుకు, ద్వారాల్లో వంగి కాలెత్తి దాటాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళని బయట బెంచీ మీద కూర్చోబెట్టండి, టికెట్ కొనకండి. సోమవారం సెలవు.