బెంగళూరు మారతహళ్లిలో బాయి (బొగ్గు గని) పిల్లల మెస్

బ్రిడ్జి దాటాక లోపలి సందులో ఉంటుంది, బోర్డు చిన్నది, దారి అడుగుతూ పోవాలి. మెస్ నడిపే అన్న వాళ్లది గోదావరిఖని, వాళ్ల నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లర్ (బొగ్గు ఎత్తి నింపే కార్మికుడు), మా నాన్నదీ బాయి పనే, ఇంకేం, మాట కలిసి నా పప్పు చల్లారిపోయింది.

పచ్చిపులుసు మాత్రం అదుర్స్. మిరపకాయ కాల్చి పిసికిన వాసన ముక్కుకి తగలగానే మేమున్న కంపెనీ క్వార్టర్ గుర్తొచ్చింది. నైట్ షిఫ్ట్ వారం వచ్చిందంటే పగలు మిక్సీ వేయనిచ్చేవాళ్లు కాదు, నాన్న నిద్రపోవాలి కదా, అమ్మ రోట్లో కూడా మెల్లగా నూరేది! అన్న కూడా అదే చెప్పి నవ్వాడు. తట్టా చెమ్మస్‌తో (పారతో) బొగ్గు ఎత్తి టబ్బులు (బొగ్గు బండ్లు) నింపిన చేతులు మా నాన్నలవి, తర్వాత బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ మిషన్లు వచ్చి ఫిల్లర్ల పని తగ్గింది. మా నాన్న గోళ్ల సందుల్లో నలుపు రిటైరయ్యాక కూడా పోలేదు.

సరే, తిండి సంగతి. జొన్న రొట్టె మెత్తగా ఉంది, నాటుకోడిలో ఉప్పు ఎక్కువైంది, ఆదివారం ఒంటిగంటన్నరకే మటన్ అయిపోయిందన్నారు, అది నాకు నచ్చలేదు. గ్లాసులు సరిగ్గా కడగరు, బాటిల్ తెచ్చుకోండి. పార్కింగ్ లేదు. వచ్చే వారం నాన్న ఊరి నుంచి వస్తున్నాడు, ఆయన్నే తీసుకుపోతా, పచ్చిపులుసుకి వంక పెట్టకుండా ఉంటాడేమో చూడాలి.