లినక్స్ కెర్నల్‌లో ఎక్స్‌32 ఏబీఐ: వాడి చూశాక ఎందుకు ఆపేశాను

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌ను సొంతంగా కంపైల్ చేసుకునేవారికి కాన్ఫిగరేషన్‌లో ఎక్స్‌32 ఏబీఐ అనే ఎంపిక ఎదురవుతుంది. ఏబీఐ అంటే కంపైల్ అయిన ప్రోగ్రాము కెర్నల్‌తోనూ లైబ్రరీలతోనూ ఏ రూపంలో మాట్లాడాలో చెప్పే ఒప్పందం. 2012 మేలో విడుదలైన 3.4 వెర్షన్‌తో కెర్నల్‌లోకి వచ్చిన ఈ సదుపాయాన్ని నేను కొంతకాలం ఆన్‌లో ఉంచి, దానికోసం ప్రత్యేకంగా కంపైల్ చేసిన ప్రోగ్రాములను నడిపి చూసి, చివరకు ఆఫ్ చేశాను. అది పనిచేయక కాదు. చాలా చక్కగా పనిచేసింది.

దీని వెనుక ఉన్న ఆలోచన నాకు ఇప్పటికీ ఎంతో నచ్చుతుంది. 64-బిట్ ప్రాసెసర్‌లోని 16 సాధారణ రిజిస్టర్లనూ (ప్రాసెసర్ లోపలి అతివేగమైన చిన్న నిల్వలు), ఫంక్షన్‌కు ఇచ్చే విలువలైన ఆర్గ్యుమెంట్లను రిజిస్టర్లలోనే అందించే పద్ధతినీ అలాగే ఉంచుకుని, పాయింటర్ (మెమరీలో ఒక చోటును సూచించే చిరునామా) పరిమాణాన్ని మాత్రం 8 బైట్ల నుంచి 4 బైట్లకు తగ్గించడమే ఆ ఆలోచన. లింక్డ్ లిస్టులు, ట్రీల వంటి నిర్మాణాలలో అసలు డేటా కంటే పాయింటర్లే ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి కాబట్టి, అవి సగానికి తగ్గితే ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీ అయిన క్యాష్‌లో ఎక్కువ నోడ్లు పడతాయి, ప్రాసెసర్ మెమరీ కోసం ఎదురుచూసే సమయం తగ్గుతుంది. కాలాన్ని సూచించే విలువను మొదటినుంచీ 64 బిట్లలోనే ఉంచడం వల్ల పాత 32-బిట్ ప్రోగ్రాములను వెంటాడే 2038 సమస్య (32 బిట్ల కాల విలువ ఆ ఏడాదితో నిండిపోవడం) కూడా దీనికి లేదు.

రూపకర్తలు ప్రకటించిన ఫలితాల ప్రకారం, ప్రాసెసర్ వేగాన్ని కొలిచే స్పెక్ అనే పరీక్షల సముదాయంలోని పూర్ణాంక పరీక్షలలో సగటున 5 నుంచి 8 శాతం, ఎంసీఎఫ్ అనే ఒక్క పరీక్షలో 40 శాతం వేగం పెరిగింది. ఫ్లోటింగ్ పాయింట్ పరీక్షలలో లాభమేమీ లేదు. నా అనుభవమూ ఇదే తీరుగా ఉంది: పెద్ద ట్రీలో వెతుకులాడే ప్రోగ్రాము స్పష్టంగా చురుకైంది, మిగిలినవాటిలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పైగా ఒక్కో ప్రోగ్రాముకు 4 జీబీ అడ్రస్ స్థలమే దక్కుతుంది. సిస్టమ్‌లో కొన్ని ప్రోగ్రాములు మాత్రమే ఎక్స్‌32లో ఉంటే, ప్రతి లైబ్రరీకి రెండో ప్రతి మెమరీలోకి వచ్చి చేరి, పాయింటర్ల దగ్గర మిగిలిన చోటును తినేస్తుంది.

అసలు చిక్కు కెర్నల్ లోపల ఉంది. ఎక్స్‌32 ప్రోగ్రాము సిస్టమ్ కాల్ (ఒక పని చేయమని కెర్నల్‌ను కోరే పిలుపు) నంబరులో 30వ బిట్‌ను పెట్టి, మామూలు 64-బిట్ ప్రోగ్రాములు వచ్చే దారిలోనే కెర్నల్‌లోకి ప్రవేశిస్తుంది. కొన్ని కాల్స్‌కు 512 నుంచి 547 వరకు వేరే నంబర్లు కేటాయించారు. దీన్ని కెర్నల్ సోర్సులోని సిస్టమ్ కాల్ పట్టికే ‘చారిత్రక రూపకల్పన లోపం’గా పేర్కొంటుంది. అంతకంటే ఇబ్బందికరమైన సంగతి ఏమిటంటే, ప్రోగ్రాము ఏ సిస్టమ్ కాల్స్ చేయవచ్చో పరిమితం చేసే సెక్‌కాంప్ ఫిల్టర్‌కు ఈ రెండు రకాల ప్రోగ్రాములూ ఒకే ఆర్కిటెక్చర్‌గా కనిపిస్తాయి. అందుచేత నిషేధిత కాల్స్ జాబితాతో ఫిల్టర్ రాసేవారు ఆ బిట్‌ను కూడా పరీక్షించడం మరచిపోతే, మూసేశామనుకున్న కాల్ మరో నంబరుతో లోపలికి వచ్చేస్తుంది.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2014 జనవరిలో బయటపడి, భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2014-0038గా నమోదైన లోపాన్నే చూడండి. ఒకేసారి పలు సందేశాలను అందుకునే సిస్టమ్ కాల్‌లో, గడువును సూచిస్తూ యూజర్ ఇచ్చిన పాయింటర్‌ను ఎక్స్‌32 దారిలో మాత్రం తనిఖీ లేకుండా కెర్నల్ నమ్మేసింది. దాంతో మామూలు యూజర్ కెర్నల్ మెమరీలోకి రాయించి రూట్ అధికారం (యంత్రంపై పూర్తి అధికారం) పొందగలిగే పరిస్థితి ఏర్పడింది. మామూలు 64-బిట్ దారిలోనూ, పాత 32-బిట్ దారిలోనూ ఈ లోపం లేదు. 3.4తో మొదలైన ఆ లోపం దాదాపు రెండేళ్లు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది, ఎందుకంటే ఆ దారిన నడిచేవారే చాలా తక్కువ. ఎక్స్‌32ను ఆన్ చేసిన ఉబుంటు (ఒక లినక్స్ పంపిణీ) 13.10 కెర్నల్‌ను వాడుతున్నవారిలో ఒక్క ఎక్స్‌32 ప్రోగ్రామునైనా నడపనివారు కూడా ఆ ప్రమాదంలో భాగస్వాములయ్యారు. అరుదైన ఏబీఐ విషయంలో నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే: లాభం కొద్దిమందిది, ప్రమాదం అందరిదీ.

మరో లినక్స్ పంపిణీ అయిన డెబియన్ పాటించిన పద్ధతి నాకు సమంజసంగా తోచింది. కోడ్‌ను కెర్నల్‌లో కంపైల్ చేసి ఉంచుతారు గానీ, బూట్ సమయంలో ప్రత్యేకంగా కోరితే తప్ప అది పనిచేయదు. లక్షలమందికి ఒకే కెర్నల్ అందించేవారు ఎక్స్‌32ను ఇవ్వదలిస్తే ఇంతకంటే ఉదారంగా ఇవ్వడం తప్పని నా అభిప్రాయం. 2018 డిసెంబరులో దీన్ని పూర్తిగా తొలగించాలన్న ప్రతిపాదన వచ్చినా, అది అప్పుడు ఆచరణలోకి రాలేదు.

ఈలోగా అదే ప్రయోజనాన్ని ఏబీఐ మార్చకుండానే సాధించే మార్గాలు వచ్చాయి. జావా ప్రోగ్రాములను నడిపే హాట్‌స్పాట్ చాలాకాలంగా 64-బిట్‌లోనే ఆబ్జెక్టు పాయింటర్లను 32 బిట్లకు కుదిస్తోంది. క్రోమ్ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే వీ8 ఇంజన్ కూడా 2020లో ఆ బాట పట్టింది. తన యంత్రంలో తాను మాత్రమే పనిచేస్తూ, పాయింటర్లతో నిండిన ప్రోగ్రాములను తానే కంపైల్ చేసుకునేవారు ఎక్స్‌32ను కొలిచి చూసుకుని ఆన్ చేయవచ్చు. పలువురు యూజర్లు లాగిన్ అయ్యే సర్వర్‌లో, బయటివారి కోడ్‌ను నడిపే కంటైనర్ యంత్రంలో దీన్ని ఆన్ చేయవద్దని నిస్సంకోచంగా చెబుతాను.

ఇక నా ట్రీ ప్రోగ్రాములో పాయింటర్ల స్థానంలో ఒకే పెద్ద అర్రేలోకి సూచించే 32-బిట్ ఇండెక్సులను పెట్టి తిరగరాశాను. ఎక్స్‌32లో కనిపించిన చురుకుదనంలో చాలా భాగం మామూలు 64-బిట్‌లోనే తిరిగి వచ్చింది. కెర్నల్‌లో ఆ ఎంపికను ఆ తరువాతే ఆఫ్ చేశాను.