తాగుడు అంచనా: ఫోన్‌లో అడిగితే మేలా, ఎదురుగా కూర్చోబెడితే మేలా?

గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషిని ఓపీ క్యూలో నిలబడమంటే ఆ రోజు కూలి పోయినట్టే. పైగా మందు మాన్పించే వార్డు దగ్గర తెలిసినవాళ్లు చూస్తారన్న భయం ఒకటి. ఇక తాగే అలవాటున్న ఆడవాళ్లయితే ఆసుపత్రి గడప తొక్కడమే కష్టం. అందుకే మొదటి మాట ఫోన్‌లో జరగడమే మేలంటాను.

అడిగేవి ఏ ప్రశ్నలన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. కేజ్ (CAGE) అనే చిన్న ప్రశ్నావళిలో నాలుగే ప్రశ్నలు: తగ్గించుకోవాలనిపించిందా, ఎవరైనా అంటే చిరాకు వేసిందా, తప్పు చేస్తున్నాననిపించిందా, పొద్దున్నే లేవగానే తాగాల్సి వచ్చిందా. రెండింటికి అవునంటే అనుమానించాల్సిందే. విజయవాడ వన్‌టౌన్ ఇరుకు ఇళ్లలో భార్యో తల్లో పక్కనే ఉంటారు కదా, స్పీకర్ ఆపేసి అవును, కాదు అంటే చాలు కాబట్టి ఇది ఫోన్‌కి బాగా కుదురుతుంది. కాకపోతే ఎప్పుడో మానేసినవాళ్లు కూడా ఇందులో చిక్కుకుంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఆడిట్ (AUDIT) ప్రశ్నావళి మీద నాకు ఎక్కువ నమ్మకం. పది ప్రశ్నలు, 40 మార్కులు. ఎక్కువగా గత ఏడాది సంగతే అడుగుతుంది. 8 వచ్చిందంటే తాగుడు హద్దు దాటుతున్నట్టు. అయితే ఫోన్‌లో దెబ్బతినేది కొలత దగ్గరే. "రోజూ ఒక్క క్వార్టరేనండీ" అంటాడు. అడిగేవాళ్లు దాన్ని ఒక డ్రింకుగా రాసుకుంటే మొదటి మూడు ప్రశ్నలకు వచ్చేవి 4 మార్కులే. నిజానికి 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న 180 మి.లీ. క్వార్టర్‌లో 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఆడిట్‌లో డ్రింకంటే 10 గ్రాములు. అంటే అవి ఆరు డ్రింకులు, మార్కులు 11. ఎదురుగా ఉంటే సీసా బొమ్మ చూపించి తేల్చుకోవచ్చు. ఫోన్‌లో మాత్రం క్వార్టరా, హాఫా, బీరయితే స్ట్రాంగా, ఎంతమంది పంచుకున్నారు అని విడమరిచి అడగాలి. అలా అడిగే ఓపిక లేకపోతే ఆ స్కోరుకు విలువ లేదు.

ఫోన్ అసలు పనికిరాని చోటు ఒకటుంది. తాగని పూట చేతులు వణుకుతాయా, చెమటలు పడతాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని తప్పకుండా అడగాలి. ఒక్కదానికి అవునన్నా "రేపటినుంచి మానేయండి" అని ఫోన్‌లో చెప్పకూడదు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. వణుకు ఎంతుందో, నాడి ఎలా ఉందో డాక్టరు కళ్లతో చూడాలి. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి)కో, విజయవాడ ప్రభుత్వాసుపత్రికో వెళ్లాల్సిందే. మాట తడబడుతున్నా, లేనివి కనిపిస్తున్నాయన్నా 108కి చెప్పాలి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.