పట్టు పొరా, సిరామిక్ పలకా?

పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులు పెంచే రైతులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. అఫ్గానిస్థాన్‌లో బ్రిటిష్ సైనికులకు 2010 దశకం మొదట్లో పట్టు లోదుస్తులు ఇచ్చారు. నేలలో పాతిపెట్టిన బాంబు పేలితే మట్టి, సన్నని శకలాలు కింది నుంచి తొడల మధ్యకు దూసుకొస్తాయి. గాయంలో చేరిన ఆ మురికే తర్వాత చీము పట్టించి ప్రాణం మీదికి తెస్తుంది. పట్టుపోగు సులువుగా తెగదు, సాగుతుంది. అందుకే చాలా మట్టిని, చిన్న శకలాలను చర్మం దాటనివ్వదు. పెద్ద శకలాన్ని మాత్రం ఆపలేదు.

సైనికులు తొడిగే కవచంలో పెట్టే సిరామిక్ పలక పనితీరు వేరు. రైఫిల్ తూటా తగలగానే తాను పగులుతూ తూటా మొనను చితక్కొడుతుంది. మిగిలిన వేగాన్ని వెనుక పీచు పొరలు పీల్చుకుంటాయి. బోరాన్ కార్బైడ్ అనే గట్టి సిరామిక్‌తో చేసిన పలక ఉక్కులో మూడో వంతు సాంద్రతే ఉన్నా మోసేవారికి బరువే. కనుక ఛాతీకి, వీపుకే పరిమితం. ఇరాక్, అఫ్గాన్ యుద్ధాల్లో సుమారు సగం గాయాలు చేతులకు, కాళ్లకు తగిలినవే!

2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర క్లేమోర్ మందుపాతరలు పేలాయి. క్లేమోర్ ఉక్కు గుండ్లను ఒకే వైపు వెడల్పుగా చిమ్ముతుంది. అలాంటి ముప్పున్న చోట మెడను, భుజాలను, గజ్జలను కప్పే మెత్తని పొరలకే నా మొగ్గు. తుపాకీ కాల్పులుంటే పలక తప్పనిసరి. పేలుడు ఒత్తిడి నుంచి ఊపిరితిత్తులను ఈ రెండూ నమ్మకంగా కాపాడలేవు. కవచంతోపాటు రక్తస్రావం ఆపే బిగింపు పట్టీ ప్రతి జవాను జేబులో ఉండాలి.